పటాకుల పెట్టెల మీద పిల్లి

అక్టోబర్ 12, ఆదివారం

పై సోమవారం దీపావళి.

మా పిల్లి జొన్న కిటికీలో కూర్చుని అడవి దిక్కు చూస్తోంది. నిరుడు అటే పోయింది. తమ్ముడు కోటేష్ ముందింటి వాకిట్లో పటాకుల లడి ముట్టించాడు. ఇది వెనక నా గదిలోంచి దూకి, గోడ ఎక్కి, పత్తి చేను దాటి టేకు చెట్లలోకి పోయింది. కార్తీక పున్నమి దాటాక తిరిగొచ్చింది. ఒక చెవి సగం లేదు. వెనక కాలు ఈడుస్తోంది. ఆ కాలు ఇప్పటికీ సరిగా లేదు. ఈసారి అడవిలోకి పోతే కుక్కల నోట్లో పడుతుంది.

పొద్దున దీపం పెట్టి భవానీని అడిగాను. మనుషుల కోసం అడగాల్సినవన్నీ ముందు అడిగి, ఇది చివర్న అడిగాను.

పిల్లే కదా. తెలుసు నాకు.

అక్టోబర్ 13

ఒక పూట సెలవు పెట్టి భద్రాచలం పోయాను, పశువుల దవాఖానాకు. జొన్నను రెండు ప్లాస్టిక్ బుట్టల మధ్య పెట్టి తాడు కట్టాను. బస్సులో కండక్టర్ నా ఆధార్ చూసి జీరో టికెట్ కొట్టాడు. తర్వాత బుట్ట చూశాడు.

"అండ్ల ఏందమ్మా?"

"పిల్లి."

"ఆడదా, మొగదా?"

"ఆడది."

"అయితే దానికి గూడ ఫ్రీయే. ఆధార్ ఒకటి తీపియ్యున్రి."

బస్సంతా నవ్వింది. జొన్న లోపలినుంచి ఒక్క అరుపు అరిచింది. దానికి ఇంకా నవ్వారు.

డాక్టర్ పేరు మనోజ్ఞ. మా సబ్‌సెంటర్‌కు ట్రైనింగ్‌కొచ్చే పిల్లల వయసుంటుంది. జొన్న కాలు, చెవి చూసింది. "మీరు నర్సు కదా, ఇంట్లో నిద్రమాత్ర ఏమైనా ఇచ్చారా?" అంది.

"చేతిల పట్టుకున్న. ఇయ్యలే."

"మంచి పని చేశారు. మనుషుల మాత్రలు దీని ప్రాణం తీస్తాయి."

చెప్పినవన్నీ గుర్తున్నాయి. దాక్కునే చోటు దాన్నే చూసుకోనివ్వాలి. పొద్దు గూకక ముందే తలుపులు వెయ్యాలి. ఎత్తుకుని గట్టిగా పట్టుకోకూడదు, దగ్గర కూర్చోవాలంతే. పండగయ్యాక ఫోన్‌లో పటాకుల చప్పుడు వినీ వినపడనంత పెట్టి, ఆ సమయంలోనే దానికి ఇష్టమైంది తినిపించాలి. రోజురోజుకీ కొంచెం పెంచాలి. నెలలు పడుతుందట.

గోదావరి ముంచిన ఏడు సహాయ శిబిరంలో డ్యూటీ చేస్తుంటే దొరికింది ఇది. నీళ్ళలో గోడమీద, పిడికెడంత. వ్యాక్సిన్ క్యారియర్‌లో వేసుకుని తెచ్చాను. అప్పుడు దేనికీ బెదరలేదు.

అక్టోబర్ 15

కోటేష్ సర్పంచ్‌కు నిలబడతాడట. ఎలక్షన్ ఎప్పుడో ఇంకా తేలలేదు, కాని నిలబడతాడట. అవతలి వాడకట్టు నుంచి వీరన్న.

"దీపావళికి ఈసారి వాకిట్ల కాల్చకు" అన్నాను.

"అక్కా, ఈ ఏడు నేను కాల్చకపోతే తండల ఏమంటరు? చేతిల ఏం లేదు, వీడేం సర్పంచ్ అంటరు."

"వాగు కాడ కాల్చు."

"నీ పిల్లికి పర్మిషన్ లెటర్ గూడ పెట్టాల్నా?" నవ్వాడు.

నేనూ నవ్వాను. చంకనేసుకుని పెంచినవాడు. పుష్ప, వాడి భార్య, నవ్వలేదు. వీరన్న ఆంధ్రా నుంచి సుతిలి బాంబులు తెప్పించాడని చెప్పింది. కోటేష్ నవ్వు ఆపేశాడు.

అక్టోబర్ 20, దీపావళి

ఇంట్లో, పోయిన పెద్దలకు భోగ్ పెట్టాం. నిప్పుల మీద నెయ్యి, బెల్లపన్నం. మంట నిటారుగా లేచింది. మంచిదన్నారు.

మధ్యాహ్నం నుంచి జొన్న చోటు వెతుక్కుంటోంది. నా మంచం కింద, బియ్యం డబ్బా వెనక, మళ్ళీ మంచం కింద. చివరికి ముందింటి నడి గదిలోకి పోయింది. అక్కడ మొదటి తీత పత్తి కుప్ప పోసి ఉంది, అటక దాకా. అందులోకి దూరింది. తోక కూడా కనపడలేదు.

"వదినె, అది పత్తిల ఉచ్చ పోస్తే మిల్లోడు తూకమే పెట్టడు" అంది పుష్ప.

"పోయదు."

"చెప్పి పంపిన్రా?"

నేను నడి గది కిటికీకి గోనెసంచులు కొట్టి, తలుపు మూసి, కుప్ప పక్కన చాపేసుకుని కూర్చున్నాను. పత్తిలో చెవి పెట్టి చూశాను. బయటి మాటలు దూరం నుంచి వచ్చినట్టున్నాయి. జొన్నకు తెలిసిన సంగతి నాకు తట్టలేదు.

చీకటి పడగానే పెళ్ళికాని పిల్లలు దీపాలు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతూ మేర అనే మా తండా పాట పాడారు. మా చిన్నప్పుడు దీపావళంటే ఆ పాటే. మా వాకిట్లో పాడుతుంటే వీరన్న వాడకట్టులో మొదటి బాంబు పేలింది. పిల్లలు పాట ఆపలేదు, కాని జల్దీ జల్దీ ముగించి పోయారు.

తర్వాత కోటేష్. తర్వాత వీరన్న. అక్కడ ఆగితే ఇక్కడ, ఇక్కడ ఆగితే అక్కడ. పక్కింటి రూప్లి అవ్వ వచ్చి గడపలో కూర్చుని చెవుల్లో వేళ్ళు పెట్టుకుంది. "ఎలక్షన్ ఈళ్ళకా, మన చెవులకా ఉషా?" అని అరిచింది.

నేను జపం చేసుకుంటూ కూర్చున్నాను. మాల ఎన్నిసార్లు తిరిగిందో తెలియదు. పత్తి కుప్పలో ఒకచోట దూది కొద్దిగా లేస్తూ దిగుతూ ఉంది. దాన్నే చూశాను.

అక్టోబర్ 21

పొద్దెక్కాక బయటికొచ్చింది. మీసాలకు దూది. నీళ్ళు తాగింది.

ఉంది.

అక్టోబర్ 29

తుపాను వాన. చేలో ఉన్న పత్తి నల్లబడింది. కోటేష్ గొడుగు లేకుండా గట్ల మీద తిరిగొచ్చాడు. ఉరిమింది, పెద్దగా. జొన్న తల కూడా ఎత్తలేదు. ఉరుముకు బెదరదు. పటాకుకే.

నవంబర్ 6

మొదలుపెట్టాను. పొద్దున దీపం అయ్యాక, ఎండు రొయ్యలు నాలుగు పళ్ళెంలో వేసి, ఫోన్‌లో పటాకులు. చప్పుడు మొట్టమొదటి గీతలో. జొన్న ఫోన్‌ను చూసింది, నన్ను చూసింది, రొయ్యలు తింది.

పుష్ప వాకిలి ఊడుస్తూ ఆగింది. "వదినె, పొద్దుగాల మీ ఇంట్ల దేవుని పాటలు వినొస్తుండె. గీ పటాకులేంది?"

చెప్పాను.

"నాకు గూడ నేర్పియ్యున్రి గట్ల. మీ తమ్ముడు మాట్లాడుతుంటే రొయ్యలు తింట కూసుంట."

నవంబర్ 14

మూడో గీత. తింది.

నవంబర్ 19

ఐదో గీత. తినలేదు. మంచం కిందికి పోయింది. తొందరపడ్డాను. మళ్ళీ రెండో గీత నుంచి.

నవంబర్ 27

ఎలక్షన్ తేదీలొచ్చాయి. మాది మూడో విడత, డిసెంబర్ 17. పొద్దున ఓట్లు, మధ్యాహ్నం నుంచి లెక్కింపు, సాయంత్రానికి గెలుపు.

నాకు పోలింగ్ బడిలో మెడికల్ డ్యూటీ వేశారు. ఫలితం వచ్చేదాకా ఉండాలి. అంటే ఆ సమయానికి నేను ఇంట్లో ఉండను.

జొన్న ఇంకా నాలుగో గీత దగ్గరే ఉంది.

డిసెంబర్ 4

పత్తి అమ్మారు. నడి గది ఖాళీ. జొన్న లోపలికి పోయి, గది మధ్యలో నిలబడి, ఒట్టి నేల వాసన చూసి వచ్చింది.

నేను సర్కారు ఉద్యోగిని, ప్రచారానికి పోకూడదు. మంచిదే. అడిగినవాళ్ళందరికీ అదే చెబుతున్నాను.

డిసెంబర్ 9

గుర్తులిచ్చారు. కోటేష్‌కు కత్తెర. వీరన్నకు ఫుట్‌బాల్. ముందింట్లో పొద్దుగాల నుంచి జనం, చాయ్, బీడీలు. కోటేష్ గొంతు పోయింది. తేనె, మిరియాలు ఇచ్చాను. "గెలుస్తున్నం అక్కా" అన్నాడు గుసగుసగా. గొంతు లేక గుసగుస, కాని చిన్నప్పుడు రహస్యం చెప్పినట్టే ఉంది.

గెలవాలి. కష్టపడుతున్నాడు.

డిసెంబర్ 10

డ్యూటీ నుంచి వచ్చేసరికి నా గదిలో అట్టపెట్టెలు. మంచం కింద నిండి, గోడ వెంట పేర్చి ఉన్నాయి. వాటి మీద శివకాశి పటాకుల బొమ్మలు.

"ముందింట్ల బీడీలు తాగుతరక్కా. నీ గదిల ఎవ్వడు అగ్గి పెట్టడు" అన్నాడు కోటేష్.

"నేను దీపం పెడత కదా."

తల గోక్కున్నాడు. "వారమే కదా."

"ఇవన్నీ ఏడ కాలుస్తవు?"

"మన వాకిట్ల మొదలువెట్టి ఊరంత. రికార్డ్ ఉండాలె."

దేవుణ్ణి వసారాలోకి మార్చాను. పటాలకు పసుపు బొట్టు పెట్టి, ఎండ పడకుండా చీర కట్టాను. తిరిగొచ్చేసరికి జొన్న పెట్టెల మీద ఉంది. అన్నిటికంటే పైన ఉన్నదాని మీద, నాలుగు కాళ్ళూ ముడుచుకుని, పత్తి కుప్పలో పడుకున్నట్టే పడుకుని ఉంది. దించాను. మళ్ళీ ఎక్కింది. చోటు దాన్నే చూసుకోనివ్వమంది కదా ఆ డాక్టరమ్మ.

డిసెంబర్ 11

వసారాలో దీపం గాలికి ఆగడం లేదు. మూడుసార్లు వెలిగించాను.

రోజూ తమ్ముడు గెలవాలని అడుగుతాను. ఇవాళ కూడా కళ్ళు మూసుకున్నాను. కళ్ళు మూసుకుంటే ఆ పెట్టెలన్నీ వాకిట్లో వరసగా.

అడిగాను. ఏమడిగానో రాయను.

డిసెంబర్ 12

నిన్న మొదటి విడత ఫలితాలు. రూప్లి అవ్వ తన బిడ్డ ఊరి సంగతులు మోసుకొచ్చింది. చెప్పడానికి వసారాలో కూర్చుని ఆకు వక్క తీసింది.

"గెలిచినోళ్ళు ఓడినోని ఇంటి ముంగట గంట సేపు కాల్చిన్రట. గోడ సున్నం రాలిందట. గేదె తాడు తెంపుకొని ఉరికిందట."

"ఓడినోని ఇంటి ముంగట ఎందుకు అవ్వా?"

"మరి యాడ కాలుస్తరు? ఓడినోని ఇంటి ముంగట కాల్చకపోతే గెలిచినట్టా? నీకు తెల్వదా? నువ్వెప్పుడు సూదులు, మాత్రలు, దేవుడు."

తెలుసు. ఎప్పుడూ చూసేదే. కాని నిన్న గుర్తు రాలేదు.

అంటే గెలిచినా ఇక్కడే. ఓడినా ఇక్కడే.

నిన్న అడిగింది వెనక్కి తీసుకోవాలని కూర్చున్నాను. ఎట్లా తీసుకోవాలో తెలియలేదు.

డిసెంబర్ 13

నాలుగో గీత. తినలేదు.

డిసెంబర్ 14

వీరన్న వాళ్ళమ్మకు నెలనెలా బీపీ చూస్తాను. అందుకే పోయాను.

వీరన్న వసారాలో ఉన్నాడు. బామ్మర్ది, ఇంకో ఇద్దరు చాయ్ తాగుతున్నారు. "రా నర్సమ్మా. నువ్వు మా గడప తొక్కినవని మీ తమ్ముడు కోడ్ కింద కేసు పెడ్తడేమో" అన్నాడు.

"అమ్మ బీపీ చూడనీకొచ్చిన."

చూశాను. ఎక్కువే ఉంది. ఉప్పు తగ్గించమన్నాను. ఎలక్షన్ అయ్యేదాకా తగ్గదంది ముసలామె. లేచి సంచి సర్దుకున్నాక అన్నాను.

"వీరన్నా, ఒక్క మాట. బుధవారం ఎట్లయితే గట్లయితది. ఒకవేళ నువ్వు గెలిస్తే, మా ఇంటి ముంగట మాత్రం కాల్చియ్యకు."

వసారాలో చాయ్ గ్లాసులు ఆగాయి.

"నేను గెలుస్తనని కోటేష్ చెప్పి పంపిండా?"

"వానికి తెల్వదు. మా పిల్లి బెదురుతది. నిరుడు అడవిలకు పోయింది. ఈసారి పోతే బతకదు."

"పిల్లి" అన్నాడు.

"అవ్."

బామ్మర్ది ముఖం పక్కకు తిప్పుకున్నాడు. వీరన్న మాత్రం నవ్వలేదు. "మా పోరగాళ్ళకు సూదులేసిన చెయ్యి నీది, అక్కా. నీ మాట తీసెయ్య. నేను గెలిస్తే మీ ఇంటి ముంగట ఒక్క పటాక పేలదు. భవానీ మీద ఒట్టు."

మంచివాడు. మనసు తేలికైంది. పిల్లి గురించి అడిగాను, అంతే. అందులో ఏముంది.

డిసెంబర్ 15

పుష్ప వచ్చింది. చీపురు చేతిలో ఉంది కాని ఊడవడానికి రాలేదు.

"వదినె, వీరన్నింటికి పోయిన్రా?"

"బీపీ చూడనీకి."

"తండంత ఏమంటున్నరో ఎరుకేనా? కోటేష్ అక్కనే పోయి వీరన్న కాళ్ళు పట్టుకున్నదట. నువ్వు గెలిచినంక మమ్ముల ఇజ్జత్ తియ్యకు అని ఏడ్చిందట. ఓడిపోతమని ఇంట్లోళ్ళకే తెలిసిపోయిందట."

"కాళ్ళెవరు పట్టుకున్నరు? నేనేడ్చిన్నా? పిల్లి ముచ్చట అడిగిన."

"ఏమని అడిగిన్రు?"

చెప్పాను. ఒకవేళ నువ్వు గెలిస్తే, అన్నానని చెప్పాను.

పుష్ప చీపురు పక్కన పెట్టి నేల మీద కూర్చుంది. "పిల్లి కోసమని చెప్తే ఎవరు నమ్ముతరు వదినె?" అంది.

డిసెంబర్ 16

కోటేష్ గదిలోకి వచ్చాడు. అరుస్తాడనుకున్నాను. గొంతు లేదు కదా. పెట్టెల మీద జొన్నను చూస్తూ నిలబడ్డాడు.

"కొన్ని ఓట్లుంటయి అక్కా. వాళ్ళకు నేనూ ఒకటే, వీరన్న ఒకటే. ఎవడు గెలుస్తడనిపిస్తే వానికేస్తరు, రేపు పని పడ్తదని. మొన్నటిదాక వాళ్ళు నా దిక్కున్నరు."

"నేను పిల్లి గురించే అడిగిన రా."

"అవ్. చెప్పింది పుష్ప."

అంతే. పోయాడు. కోప్పడితే బాగుండేది.

వసారాలోకి పోయి కూర్చున్నాను. లేచి వచ్చాను. మళ్ళీ పోయి కూర్చున్నాను.

డిసెంబర్ 17, పొద్దున

డ్యూటీకి పోతున్నాను. నీళ్ళు పెట్టాను. కిటికీకి గోనెసంచులు కొట్టాను. బయట తాళం వేసి చెవి పుష్పకు ఇచ్చాను.

నా ఓటు కత్తెరకే. అది రాసుకోవచ్చు.

డిసెంబర్ 18

నిన్న రాయలేకపోయాను.

బడిలో ఓ మూల బల్ల వేసి ఓఆర్ఎస్ పొట్లాలు, బీపీ మిషన్ పెట్టుకుని కూర్చున్నాను. వీరన్న వాళ్ళమ్మను కుర్చీలో మోసుకొచ్చి ఓటేయించారు. నన్ను చూసి చెయ్యి ఊపింది. మధ్యాహ్నం తలుపులు మూసి లెక్క మొదలుపెట్టారు. కోటేష్ లోపల, వీరన్న లోపల. బయట జనం. చాలాసేపు ఎటూ తేలలేదు. మళ్ళీ లెక్కపెట్టమని అడిగారట. పెట్టారు. నేను కొంగు కింద మాల తిప్పుతున్నాను. దేనికోసం తిప్పుతున్నానో ఒక్కో పూసకు ఒక్కోలా ఉంది.

ఫుట్‌బాల్ గెలిచింది. కొద్ది ఓట్లే తేడా. ఎన్నో చెబుతుంటే వినలేదు.

కోటేష్ వెనక తలుపు నుంచి పోయాడు. గేటు బయట బాంబు పేలింది, డప్పులు మొదలయ్యాయి. మెడికల్ వాళ్ళు పోవచ్చన్నారు. నేను సంచి తీసుకుని మిరప తోటల్లోంచి అడ్డదారిన నడిచాను. నడిచానని రాస్తున్నాను, ఉరికాను. వెనక రోడ్డు మీద ఊరేగింపు, అడుగడుగునా పేలుళ్ళు.

ఇంటికొచ్చేసరికి పుష్ప నా గది తాళం తీసి, లోపల నిలబడి ఉంది. "ఉంది వదినె" అంది, నేను అడగకముందే. జొన్న పెట్టెల మీద, చెవిన్నర వెనక్కి మడిచి, కళ్ళు పెద్దవి చేసి ఉంది. గోడ దిక్కుకు అతుక్కుపోయింది. కోటేష్ గేటు దగ్గర ఉన్నాడు. చేతులు కట్టుకుని, రానీ అన్నట్టు.

ఊరేగింపు మా సందు మొదట్లోకి రాగానే వీరన్న చెయ్యెత్తాడు. డప్పులు ఆగాయి. పటాకులు ఆగాయి. ఒట్టు నిలబెట్టుకున్నాడు. మెడ నిండా దండలతో తల దించుకుని నడిచాడు. మా దిక్కు చూడలేదు కూడా.

కాని వెనక ఉన్నవాళ్ళు చెప్పులు చప్పుడు కాకుండా మునివేళ్ళ మీద నడవడం మొదలుపెట్టారు. ఒకడు పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. బామ్మర్ది గొంతు వినపడింది.

"ష్ష్... మెల్లగ పోండ్రి రా. కోటేషన్న పిల్లి పండుకుంది."

ఎవరో పకపకమని నవ్వి నోరు మూసుకున్నారు. ఊరేగింపు ఊరేగింపంతా అట్లా, మునివేళ్ళ మీద, మా ఇంటి ముందు నుంచి దాటింది. ఆడవాళ్ళు కూడా. ఇంతసేపు పడుతుందా మా ఇల్లు దాటడానికి అనిపించింది. మూల తిరిగాక ఒక్కసారిగా డప్పులు, బాంబులు, ఈలలు.

రూప్లి అవ్వ తన అరుగు మీదినుంచి, "కాల్చినా బాగుండు" అంది.

కోటేష్ గేటు వదిలి నా గదిలోకి వచ్చాడు. నన్ను చూడలేదు.

"దాన్ని తియ్యి."

ఆ ముఖం నేను చూడక తప్పదు కదా, చూశాను. ఏడవలేదు. అరుగు మీదినుంచి పడి, ఎవరూ చూడలేదు కదా అని చుట్టూ చూసే పిల్లవాడి ముఖం. అందరూ చూశారు.

వద్దు అనాలని నోటిదాకా వచ్చింది. వాగు కాడ అని, పొద్దున కాల్చుకో అని, ఏదో ఒకటి. అనలేదు.

"కాల్చు. నేను తలుపేసుకుంట" అన్నాను.

జొన్నను ఎత్తి దింపాను. గోళ్ళు నా భుజంలో దిగాయి. కోటేష్, పుష్ప ఒక్కో పెట్టె మోసుకుపోయారు. గది ఖాళీ అయింది. మంచం కింద పెట్టెలున్న చోట జొన్న దూరింది. దాన్నే చూసుకోనిచ్చాను. బొంత తీసి మంచం మీదినుంచి నేలకు వేలాడేసి, ఇంకో బొంత కిటికీకి కట్టాను. తలుపు మూశాను. గడియ పడలేదు. తలుపు ఉబ్బింది. భుజంతో నెట్టాను, పైకి లేపి నెట్టాను, పడలేదు. గడియ లేకపోతే ఆ తలుపు తనంతట తనే తెరుచుకుంటుంది. బయట ఏ చప్పుడూ లేదు. కోటేష్ ఇంకా పేర్చుకుంటున్నాడనుకున్నాను. ముంగాలితో కింద తన్ని పట్టి, రెండు చేతులతో లాగితే పడింది.

పడీ పడగానే మొదలైంది.

ఒకటి ఆగకముందే ఇంకోటి. గోడలు అదిరాయి. మంచం కోళ్ళు నేల మీద చప్పుడు చేశాయి. ఊరంతటికీ కొన్నవి మా వాకిట్లోనే కాలుస్తున్నాడు. గెలిచినవాడు మూల మీద ఆపేశాడట, ఎవరు కాలుస్తున్నారో తెలియక. తర్వాత పుష్ప చెప్పింది.

నేను మంచం పక్కన నేల మీద కూర్చున్నాను. పట్టుకోలేదు. రొయ్యలు పళ్ళెంలో వేశాను. ముట్టలేదు. బొంత కిందినుంచి తడి బయటికి పారింది. భయానికి పోసింది. జపం చేద్దామనుకున్నాను. పెదవులు కదిలాయి కాని పేరు రాలేదు. ఏమీ అడగలేదు. అడగడానికి నాకు ముఖం లేదు. కూర్చున్నాను.

ఎంతసేపో. బొంత కింద నా చెయ్యి పెట్టాను, ఖాళీ అరచెయ్యి, పైకి తిప్పి. జొన్న రాలేదు. ఒకసారి ముక్కు తగిలింది, తడిగా. మళ్ళీ పోయింది.

అయిపోయాక చెవుల్లో ఇంకా మోగుతూనే ఉంది. పొగ వాసన. తలుపు తియ్యకుండా అట్లాగే ఉన్నాను. చానాసేపటికి లోపల నాలుకతో ఒళ్ళు నాక్కుంటున్న చప్పుడు.

పోలేదు. పక్కనే ఉంది.

పొద్దున వాకిలంతా ఎర్ర కాగితం. పుష్ప ఊడుస్తోంది, గంప నిండుతోంది. కోటేష్ బయటికి రాలేదు. నేను తలుపు దగ్గరికి పోయి పిలిచాను. పలకలేదు. డ్యూటీకి పోయాను.

మధ్యాహ్నం సబ్‌సెంటర్‌కు వచ్చాడు. గర్భిణుల రోజు, బెంచీల నిండా ఆడవాళ్ళు. వాళ్ళందరి ముందు నుంచి వచ్చి, కుడి చెయ్యి బల్ల మీద పెట్టాడు. బొటనవేలు, చూపుడువేలు. కొసలు కాలి, బొబ్బలు లేచి ఉన్నాయి.

దూదితో తుడిచాను. లడి అగరొత్తితో ముట్టిస్తారు, దూరం నుంచి. వేళ్ళ కొసలు ఇట్లా కాలవు.

"పేలిందా చేతిల?"

"లే."

"మరి?"

గోడ మీది టీకాల చార్టు చదువుతున్నట్టు అటే చూస్తూ నిలబడ్డాడు. గొంతు ఇంకా రాలేదు.

"అగ్గిపుల్ల" అన్నాడు. "నీ గడియ పడ్తలేదు. పడేదాక చూసిన."

ఎన్ని పుల్లలో అడగలేదు.

మందు రాశాను. గాజుగుడ్డ చుట్టాను. తల దించుకునే చుట్టాను. చుట్టుతూ ఉన్నాను.

"గింత కట్టేంది అక్కా?" అన్నాడు. "అన్నమెట్ల తినాలె?"

చూస్తే వాడి చెయ్యంతా తెల్లగా ఉంది.

విప్పి, మళ్ళీ చిన్నగా కట్టాను.